తొట్టి దగ్గర ఎవరినీ ఏమీ అడగలేదు

కొత్త నిబంధన తెరవగానే ఎదురయ్యేది పేర్ల చిట్టా. అబ్రాహాముతో మొదలుపెట్టి యేసు దాకా ఎవరికి ఎవరు పుట్టారో మత్తయి వరసగా చెప్పుకుపోతాడు. మా సంఘంలో పెద్దవాళ్ళు కూడా ఆ పేజీని గబగబా దాటేసి, నక్షత్రం కనబడిన దగ్గర నుంచి చదువుతారు. నేను మాత్రం డిసెంబరు రాగానే సండే స్కూలు పిల్లల చేత ముందు ఆ చిట్టానే చదివిస్తాను. షయల్తీయేలు, జెరుబ్బాబెలు లాంటి పేర్ల దగ్గర నాలుకలు మడతపడతాయి, ఒకటే నవ్వులు. కాసేపు నవ్వుకోనిచ్చి, "ఇందులో ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో వెతకండి చూద్దాం" అంటాను.

మరియను మినహాయిస్తే నలుగురు దొరుకుతారు. మొదటి ఆమె తామారు. మొగుళ్ళు పోయాక మామ యూదా ఆమెకు ఇచ్చిన మాట తప్పితే, ముసుగేసుకుని దారి పక్కన కూర్చుని ఆ మామ వల్లే బిడ్డల్ని కన్నది. రెండో ఆమె రాహాబు, యెరికో పట్టణంలో వేశ్య. మూడో ఆమె రూతు, మోయాబు దేశం నుంచి అత్త వెంట వచ్చిన విధవరాలు, కోతలయిన పొలాల్లో పరిగ ఏరుకుని అత్తను పోషించింది. నాలుగో ఆమెను మత్తయి పేరు పెట్టి కూడా పిలవడు, ఊరియా భార్య అంటాడు. దావీదు రాజు ఆమెను పిలిపించుకున్న సంగతి, ఆమె మొగుణ్ణి యుద్ధంలో ముందు వరసలో నిలబెట్టి చంపించిన సంగతి ఎవరూ మరిచిపోకూడదనే కాబోలు. ఆ ఊరియా హిత్తీయుడు, పరజాతివాడు. రూతు సంగతి ఇంకా చిత్రం. మోయాబీయులు పదో తరం దాకా దేవుని సమాజంలో చేరడానికి వీల్లేదని ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయంలో ఉంది. ఆ మోయాబు పిల్లకి మునిమనవడు దావీదు.

పిల్లలకి ఇవన్నీ విప్పి చెప్పను లెండి. వాళ్ళ తల్లులకి చెబుతాను. సంబంధం మాట్లాడుకునేటప్పుడు మేనత్త ఎవరితోనో వెళ్ళిపోయిందన్న మాట మూడు ముళ్ళూ పడేదాకా బయటికి పొక్కనివ్వం కదా, మత్తయి అట్లాంటి మాటలన్నీ ఏరి మొదటి పేజీలోనే పెట్టాడు. మగవాళ్ళ వరస చెప్పుకుంటూ పోతే సరిపోయేది. ఆడవాళ్ళ పేర్లు రాయాలనుకుంటే శారా ఉంది, రిబ్కా ఉంది, గౌరవమైన పేర్లు. అవి రాయలేదు. రాయాల్సిన పని లేని చోట ఈ నలుగురినీ రాశాడంటే, పుట్టబోయేవాడి ఇంటి గుమ్మం ఎంత వెడల్పో ముందే చెప్పదలుచుకున్నాడని నేననుకుంటాను.

మాది ఒంగోలు పక్క పల్లె. బడిపంతులమ్మగా చేసి రిటైరయ్యాను. బాప్టిస్టు సంఘం మాది. క్రిస్మస్ నాటిక వేయించే పని చాలా కాలంగా నా నెత్తినే ఉంది. క్రిస్మస్ కబురు అందరిదీ అని వేదిక మీద చెప్పడం తేలికే, వేషాలు పంచేటప్పుడు తెలుస్తుంది దాని బరువు. దీపావళి వెళ్ళిందంటే తల్లుల సిఫార్సులు మొదలు. "అక్కా, ఈసారన్నా మా పిల్లకి దేవదూత వేషం ఇవ్వు, పోయినేడు కూడా గొర్రెపిల్లనే చేశావు" అని ఒకామె. తెల్ల గౌను, అట్టతో కత్తిరించి జరీ అంటించిన రెక్కలు, ఫొటోలో బాగా పడుతుంది మరి. జ్ఞానుల వేషానికీ అంతే గిరాకీ, పట్టు పంచె, తలపాగా, చేతిలో మెరిసే పెట్టె. హేరోదు రాజు వేషానికి మగపిల్లలు కొట్టుకుంటారు, అరవొచ్చు కాబట్టి. గొంగళి కప్పుకుని కర్ర పట్టుకునే గొర్రెల కాపరి వేషానికి మాత్రం ఎవరూ రారు. "మావాడు కంప్యూటర్లు చదువుతున్నాడు టీచరమ్మా, వాడికి గొర్రెలు కాసే వేషమా?" అని ఒక తండ్రి నా ఇంటికొచ్చి మరీ అడిగాడు.

మరియమ్మ వేషం దగ్గర ఇంకో పేచీ. తెల్లగా ఉన్న పిల్లనే పెట్టాలంటారు. క్యాలెండర్ బొమ్మలో మరియమ్మ పాల మీగడ రంగులో, నీలి కళ్ళతో ఉంటుంది కదా, అదీ లెక్క. బేత్లెహేము యూరపులో లేదు, ఎండలు కాసే దేశంలో ఉంది. నజరేతు పల్లెలో వడ్రంగికి ఇచ్చిన పిల్ల, నీళ్ళు మోసి, పిండి విసిరిన పిల్ల, ఎట్లా ఉండి ఉంటుందో మన పల్లెలో పిల్లల్ని చూస్తే తెలియదా? మాటలు బాగా వచ్చి, గొంతు పైకి పలికే పిల్లకే నేను ఆ వేషం ఇస్తాను. ఆ పిల్ల నల్లగా ఉంటే నాకు ఇంకా సంతోషం. ఇందులో నాకు కొంచెం పంతం ఉందని ఒప్పుకుంటాను.

సత్రం యజమాని పాత్ర ఒకటుంది. లూకా సువార్తలో అట్లాంటి మనిషి లేడు. సత్రంలో వాళ్ళకి చోటు దొరకలేదని ఒక్క ముక్క ఉంది, అంతే. నాటికల్లో మాత్రం ఆయన లేకుండా పని జరగదు, తలుపు ధడాలున వేసే వేషం కదా. ఉంచాను. లూకాలో నిజంగా ఉన్నవాళ్ళు గొర్రెల కాపరులు. ఆ కాలంలో కాపరుల సాక్ష్యం న్యాయస్థానంలో చెల్లేది కాదనీ, వాళ్ళని దొంగలతో సమానంగా చూసేవారనీ ప్రసంగాల్లో చెబుతుంటారు. ఆ మాట చాలా తర్వాతి యూదుల గ్రంథాల్లోది, దాన్ని మరీ సాగదీయక్కర్లేదు. మోషే కాపరి, దావీదు కాపరి, ఆ పనికి పరువు లేకపోలేదు. కానీ చలిరాత్రి పొలంలో మంద కాస్తూ పడుకున్నవాడు ఏ దేశంలోనైనా కలిగినవాడు కాడు. బేత్లెహేముకి యెరూషలేము పట్టుమని పది కిలోమీటర్లు ఉండదు. దేవాలయం అక్కడే, ప్రధాన యాజకులు అక్కడే, శాస్త్రం చదువుకున్నవాళ్ళంతా అక్కడే. దూత అటు వెళ్ళలేదు, పొలానికొచ్చాడు. ప్రజలందరికీ కలగబోయే సంతోషం ఇది అని ముందు వీళ్ళకి చెప్పాడు. ఆనవాలు కూడా వాళ్ళకి తెలిసిందే ఇచ్చాడు. బిడ్డ పశువుల తొట్టిలో పడుకుని ఉంటాడన్నాడు. మేడలో పట్టు ఊయలలో ఉంటాడని చెప్పి ఉంటే వాళ్ళు గేటు దగ్గరే ఆగిపోయేవాళ్ళు. తొట్టి అనేసరికి ధైర్యంగా లోపలికి వెళ్ళారు.

ఆ తల్లిదండ్రులు కూడా ఉన్నవాళ్ళు కాదు. బిడ్డ పుట్టాక దేవాలయంలో అర్పణ ఇవ్వాలి. గొర్రెపిల్లను ఇవ్వాలని ధర్మశాస్త్రం, అంత శక్తి లేనివాళ్ళు రెండు గువ్వలో రెండు పావురం పిల్లలో ఇవ్వొచ్చని లేవీయకాండంలో మినహాయింపు. యోసేపు, మరియ ఇచ్చింది ఆ పక్షుల జతే.

ఆ దేవాలయంలోనే నాకు అన్నిటికంటే ఇష్టమైన మనిషి కనబడుతుంది. అన్న అని ఒక ముసలావిడ. పెళ్ళయిన ఏడేళ్ళకే భర్త పోతే, ఆ తర్వాత జీవితమంతా దేవాలయంలో ఉపవాసాలతో, ప్రార్థనలతో గడిపింది. బిడ్డను తీసుకొచ్చిన ఆ గడియకే ఆమె ఎదురొచ్చింది. దేవుణ్ణి స్తుతించి, యెరూషలేము విముక్తి కోసం ఎదురుచూస్తున్న వాళ్ళందరికీ ఆ బిడ్డ గురించి చెప్పింది. ఇది తెలుగువాళ్ళు ఆగి చదవాల్సిన చోటు. మన దగ్గర పసిబిడ్డకి విధవరాలు ఎదురొస్తే ఏమంటారో నేను చెప్పక్కర్లేదు. బారసాలకి, సీమంతానికి, పెళ్ళిలో పసుపు దంచే దగ్గరికి ఆమెను రానివ్వరు. మతం మారి నాలుగు తరాలైన మా ఇళ్ళల్లోనూ ఆ జంకు పోలేదు.

ఒక ఏడు ఆ వేషానికి పిల్లల్ని కాకుండా మా సంఘంలో పెద్దావిణ్ణి అడిగాను. చిన్నప్పుడే భర్త పోయినామె. "నేనెందుకులే అమ్మాయ్. పసిగుడ్డుకి నేను ఎదురు రావడమేంది, చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అంది. "పెద్దమ్మా, వాక్యంలో ఉందే ఆమె వచ్చిందని" అంటే, "ఉంటే ఉందిలే, అది వాళ్ళ దేశం" అని కొట్టిపారేసింది. నేనూ వదల్లేదు. లూకా రెండో అధ్యాయం ఆమె చేతే చదివించాను, వయోజన విద్యలో నేర్చుకున్న చదువు, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతుంది. అన్న పేరు దగ్గర వేలు ఆగింది. "ఈమె సంగతి ఏ అయ్యగారూ చెప్పలేదే" అంది. చెప్పరు. మా పాస్టరు అయ్యగార్లకి, అదే దేవాలయంలో బిడ్డను ఎత్తుకుని దేవుణ్ణి స్తుతించిన సుమెయోను ముద్దు, అన్న పేరు ప్రార్థనకి లేచే లోపు హడావుడిలో పోతుంది. ఆ ఏడు వేషం వేసింది. తెల్ల చీరలోనే, విడిగా దుస్తులు కుట్టించే పని లేకపోయింది. బొమ్మను చూసి చెప్పాల్సిన రెండు మాటలకి బదులు ఆమె సొంతంగా పది మాటలు చెప్పింది, నేను తెర వెనక నుంచి ఆపమని సైగ చేసినా ఆపలేదు. ఇప్పుడు ఆ వేషం ఆమెదే, ఎవరికీ ఇవ్వదు.

ఇక జ్ఞానులు. వాళ్ళు ముగ్గురని మత్తయి ఎక్కడా చెప్పలేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడు కాబట్టి మనుషుల్నీ ముగ్గుర్ని చేశారు. పశువుల పాకకి వచ్చారనీ లేదు, ఇంట్లోకి వచ్చారని ఉంది. నాటికలో కాపరులూ జ్ఞానులూ ఒకేసారి నిలబడాలి కాబట్టి మనం కలిపేస్తాం, ఫొటో కోసం. అసలు సంగతి వాళ్ళెవరన్నది. తూర్పు దేశాల వాళ్ళు, చుక్కలు చూసి ఫలితాలు చెప్పేవాళ్ళు. అట్లాంటి వాళ్ళని యెషయా ప్రవక్త బబులోను మీద చెప్పిన మాటల్లో ఎగతాళి చేశాడు. అన్యదేశం, అన్యధర్మం, పైగా గ్రంథం ఎగతాళి చేసిన వృత్తి. బిడ్డ పుట్టిన సంగతి తెలిసి వెతుక్కుంటూ వచ్చింది వీళ్ళే. బిడ్డ పుట్టే చోటుని లేఖనాల్లో ఊరి పేరుతో సహా చూపించిన యెరూషలేము శాస్త్రులు, ఆ పది కిలోమీటర్లూ నడవలేదు.

నన్ను తరచూ ఒక ప్రశ్న అడుగుతారు, మా ఊరి బళ్ళో నాతో పనిచేసిన వాళ్ళే అడుగుతారు. "అందరికీ పిలుపు అంటారు, అంటే అందరూ మీ మతంలోకి రమ్మనే కదా?" అని. నేను వాళ్ళకి మతశాస్త్రం చెప్పను, నాకు రాదు కూడా. కథలో ఏముందో చూపిస్తాను. కాపరులు వచ్చారు, చూశారు, మందల దగ్గరికి తిరిగి వెళ్ళారు. జ్ఞానులు వచ్చారు, మొక్కారు, హేరోదు దగ్గరికి పోకుండా వేరే దారిన తమ దేశానికి తిరిగి వెళ్ళిపోయారు. ఆ తర్వాత వాళ్ళు ఏ దేవుణ్ణి పూజించారో సువార్త చెప్పదు. తొట్టి దగ్గర ఎవరినీ నీ కులమేంటి అనలేదు, నీ గ్రంథమేంటి అనలేదు, ఇక నుంచి మాతో ఉంటావా అని కూడా అడగలేదు. అడగడాలన్నీ తర్వాత వచ్చాయి. బాప్తిస్మం, సభ్యత్వం, రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే బల్ల, చందా పుస్తకం, వాటికి అర్థం ఉంది, నేను కాదనను, నా పేరూ ఆ పుస్తకంలో ఉంది. కానీ క్రిస్మస్ రాత్రి కథలో అవేవీ లేవు.

ఈ కథ మా ఒంగోలు గడ్డ మీదకి వచ్చినప్పుడు మళ్ళీ అదే పరీక్ష ఎదురైంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. అదే ఏడు తాళ్ళకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. ఎవరో బోధించి లాక్కొచ్చిన మనిషి కాదు, తనే వెతుక్కుంటూ వచ్చినవాడు. అప్పటికి ఒంగోలు పెద్ద కులాల వాళ్ళు కొందరు దొర మాటలు వింటున్నారు, తమ పిల్లల్ని ఆయన బళ్ళోకి పంపిస్తున్నారు. మాదిగలు రావడం మొదలయ్యేసరికి వాళ్ళకి నచ్చలేదు. వాళ్ళని చేర్చుకుంటే మేం రాం అన్నారు. క్లౌ ఎటూ తేల్చుకోలేకపోయాడు. ఆయనా ఆయన భార్యా విడివిడిగా రెండు గదుల్లో ప్రార్థన చేసుకుని బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు కనబడిందట. గొప్ప వంశం వాళ్ళనీ, బలవంతుల్నీ, జ్ఞానుల్నీ కాక లోకం తృణీకరించిన వాళ్ళని దేవుడు ఏర్పరచుకున్నాడనే చోటు అది. క్లౌ తన జ్ఞాపకాల్లో రాసుకున్న సంగతి ఇది. ఒకే పేజీ తెరుచుకోవడం మాట ఎట్లా ఉన్నా, ఆయన మాదిగల్నే ఎంచుకున్నాడు. బళ్ళోంచి పెద్ద కులాల పిల్లలు వెళ్ళిపోయారు.

తర్వాత 1876 నుంచి 1878 దాకా ధాత కరువు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని క్లౌ కాంట్రాక్టుకి తీసుకుని, పల్లెల నుంచి వచ్చిన వాళ్ళకి పని చూపించాడు. పని దొరికింది, కూలి దొరికింది, జనం బాప్తిస్మం కూడా ఇమ్మన్నారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట వాళ్ళకీ తనకీ వద్దనుకున్నాడు. కరువు తగ్గి, కూలి పని ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో 2,222 మందికి ఒకే రోజు బాప్తిస్మం జరిగింది. ఇచ్చింది దొర కాదు, తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్ళలో నిలబడ్డారు. మా పల్లెల్లో దాదాపు ప్రతి క్రైస్తవ కుటుంబం తమ ముత్తాతో ముత్తవ్వో ఆ ఏట్లో ఉన్నారనే చెప్పుకుంటుంది. అందరూ ఉంటే 2,222 ఎక్కడ సరిపోతుంది, అయినా చెప్పుకోవడం మా హక్కు.

అయితే అక్కడ అడగడమూ జరిగింది. కొత్తగా చేరినవాళ్ళు ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. మూడో షరతుతో పాటు ఊరి జాతర్లలో డప్పు కొట్టడం మానాల్సి వచ్చింది. డప్పు కొట్టడం అప్పుడు ఇష్టమైతే చేసే పని కాదు, మాదిగల మీద ఊరు పెట్టిన వెట్టి. మానేస్తే ఊరు ఊరుకోలేదు, పనుల్లోకి పిలవడం మానేశారు, గొడవలయ్యాయి. ఇదంతా మా పిల్లలకి తెలియదు. ఆ మధ్య మా కుర్రాళ్ళు క్రిస్మస్ కేరల్స్‌కి డప్పులు తెచ్చారు. పొయ్యి మంట దగ్గర కాచి, వేళ్ళతో తట్టి శ్రుతి చూసుకుంటుంటే మా సంఘ పెద్ద చూశాడు. "ఒరేయ్, దాన్ని కింద పడేయడానికే గదరా మన తాతలు దెబ్బలు తిన్నది! గిటారు లేదా, కీబోర్డు లేదా?" అని లేచాడు. వాళ్ళలో ఒకడు చాలా నిదానంగా చెప్పాడు. "తాతా, అప్పుడు కొట్టమంటే కొట్టాల్సి వచ్చేది. ఇప్పుడు మాకు కొట్టాలని ఉండి కొడుతున్నాం." పెద్దాయన ఇంకేం మాట్లాడలేదు, ఇంటికి మాత్రం వెళ్ళలేదు, కేరల్స్ వెంట నాలుగు వీధులూ తిరిగాడు. బేత్లెహేము బిడ్డకి మా డప్పు పనికొస్తుందా రాదా అన్న వాదన మా సంఘంలో ఇంకా నడుస్తూనే ఉంది. నా ఓటు డప్పుకే.

క్రిస్మస్ తర్వాత జనవరి 6న జ్ఞానులు వచ్చిన పండగ చేస్తారు కొన్ని సంఘాల వాళ్ళు. అన్యజనులకి క్రీస్తు కనబడిన రోజు అది. మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లో ఉన్న పెద్ద గుడికి పెట్టిన పేరు ఆ పండగదే, ఎపిఫనీ కెథడ్రల్. 1939లో ఆ రోజునే ప్రతిష్ఠ చేశారు. కట్టించిన బిషప్పు వి.ఎస్. అజరయ్య తిరునెల్వేలి వైపు తమిళుడు. 1912లో ఆంగ్లికన్ సంఘం ఒక భారతీయుణ్ణి బిషప్పుని చేయడం ఈయనతోనే మొదలు. ఆ గుడి స్తంభాలు చూస్తే హిందూ దేవాలయం మండపంలో ఉన్నట్టుంటాయి, పైకి చూస్తే మసీదు గుమ్మటాల్లా కనబడతాయి. అప్పటికి తెలుగునాట కట్టిన చాలా చర్చిలు ఇంగ్లండు నుంచి ఎత్తుకొచ్చి దించినట్టుండేవి. మెదక్ కెథడ్రల్ ఆ ఇంగ్లండు పద్ధతిదే. కానీ దాని పుట్టుక వేరే రకంగా మనది. పాస్నెట్ అనే మిషనరీ కరువులో జనానికి పని, కూడు చూపించడానికి 1914లో మొదలుపెడితే పదేళ్ళు కట్టారు, 1924 డిసెంబరు 25న ప్రార్థనకి తెరిచారు. ఇప్పుడు క్రిస్మస్ నాడు మెదక్ వెళ్ళి చూడండి, లోపల క్రీస్తు పుట్టుక బొమ్మ వేసిన రంగుటద్దాల కిటికీ కింద బొట్టు పెట్టుకున్నవాళ్ళూ బురఖా వేసుకున్నవాళ్ళూ కలిసే నిలబడి పైకి చూస్తుంటారు. అక్కడ ఎవరినీ ఎవరూ ఆపరు.

ఇంత చెప్పి, మా ఇంటి సంగతి చెప్పకపోతే అన్యాయం. మా చుట్టుపక్కల చాలా ఊళ్ళల్లో మాల చర్చి వేరు, మాదిగ చర్చి వేరు. ఒకే సువార్త, ఒకే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. ఆ పుస్తకంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి రాసిన పాటలు అందరూ పాడతారు, గోడలు మాత్రం వేరు. ఆదివారం పేపర్లో పెళ్ళి ప్రకటనలు చూడండి, క్రిస్టియన్ అన్న మాట పక్కనే కులం పేరు తప్పకుండా ఉంటుంది. రెడ్డి అయినా, కమ్మ అయినా, మాల అయినా, మాదిగ అయినా అంతే. గుర్రం జాషువా తండ్రి యాదవ, తల్లి మాదిగ. ఆ ఇంట్లో పుట్టినందుకు అటు ఊరి వెలి, ఇటు సాహిత్య సభల్లో అవమానాలు రుచి చూసిన మనిషి చివరికి క్రీస్తు చరిత్ర కావ్యం రాసి, 1964లో సాహిత్య అకాడమీ బహుమతి తీసుకున్నాడు. 2022లో పూల ఆంథోనీ కార్డినల్ అయినప్పుడు దళితుల్లోంచి వచ్చిన మొదటి కార్డినల్ అని పత్రికలు రాస్తే మేమంతా సంతోషించాం. అప్పటిదాకా ఎందుకు లేరని మా ఇంట్లో చిన్నపిల్ల అడిగింది, దానికి జవాబు చెప్పడం కష్టమైంది. సర్కారు లెక్క ఇంకొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే షెడ్యూల్డు కులం హోదా పోతుంది. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో దాన్ని సవరించారు, క్రైస్తవులకి సవరించలేదు. మన రెండు రాష్ట్రాల్లో వాళ్ళు బీసీ-సి, వాటా ఒక్క శాతం. క్రైస్తవంలో కులం లేదు కాబట్టి అంటారు. ఆ మాట నిజమైతే బాగుండును. ఉత్తర్వు సంగతి ఢిల్లీలో తేలాలి, చర్చి గోడల సంగతి మా చేతుల్లోనే ఉంది, దానికి మేం ఎవరినీ అనడానికి లేదు.

ఇరుగుపొరుగు సంగతి కూడా ఒకటుంది. క్రిస్మస్‌కి మేం అరిసెలు, జంతికలు, రవ్వలడ్లు చేసి పళ్ళేల్లో పెట్టి పక్కిళ్ళకి పంపిస్తాం. సంక్రాంతికి వాళ్ళు మాకు పంపిస్తారు. కొన్ని ఇళ్ళల్లో మా పళ్ళెం తీసుకుంటారు, నవ్వుతూనే తీసుకుంటారు, తర్వాత అది పనిమనిషి చేతికి వెళ్ళిపోతుంది. అందుకే ఇప్పుడు చాలామంది మావాళ్ళు బేకరీలో కేకు కొని అట్టపెట్టెతో పంపిస్తున్నారు. కేకయితే ఏ ఇంట్లోనైనా కోసుకు తింటారు, దానికి వండిన చెయ్యి కనబడదు మరి. కొన్న కేకు నేను పంపించను. మా పక్కింటి వదినగారిది వేరే కులం, ఆమె మొదటిసారి మా అరిసె నా ముందే విరిచి నోట్లో వేసుకుని, "పాకం ముదిరింది వదినా" అంది. ముదిరింది నిజమే. అంతకంటే మంచి క్రిస్మస్ కానుక నాకు ఎవరూ ఇవ్వలేదు.

క్రైస్తవులు కాని పాఠకులు చాలామంది నన్ను అడుగుతుంటారు, క్రిస్మస్ ఆరాధనకి మేం రావచ్చా అని. రండి. డిసెంబరు 24 రాత్రి గానీ 25 పొద్దున గానీ మీ ఊళ్ళో ఏ చర్చికైనా వెళ్ళొచ్చు. చెప్పులు బయట వదలాలో లేదో ముందున్నవాళ్ళని చూస్తే తెలుస్తుంది. బొట్టు తుడుచుకోనక్కర్లేదు. కొన్ని చోట్ల ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చుంటారు, కొన్ని చోట్ల కుటుంబాలుగా కూర్చుంటారు. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే సమయానికి బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు లేచి వెళ్తారు, మీరు మీ చోటనే కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. కానుకల సంచి మీ ముందుకొస్తే వేయాలని లేదు. ఆరాధన అయ్యాక భోజనం ఉంటే తినకుండా వెళ్ళకండి. మా సంఘానికి వస్తే అరిసెలు ఇంట్లో వండినవే పెడతాం.